ఎస్తేర్ ఫోన్‌లో లేని మ్యాప్

2023 వేసవి. సైనిక్‌పురిలో ఒక ఇంటి పై అంతస్తులో మా ఆఫీసు. నలుగురం కలిసి మొబైల్ యాప్‌లు తయారుచేసేవాళ్లం. ఇళ్లకు నర్సులను పంపే ఒక సంస్థకు అప్పుడే ఒక యాప్ చేసిచ్చాం. అందులో పేషెంట్ పేరు కింద 'దారి చూపు' అనే బటన్ ఉంటుంది. నొక్కితే మ్యాప్ తెరుచుకుని ఇంటిదాకా తీసుకెళ్తుంది.

ఒకరోజు ఆ సంస్థ సూపర్‌వైజర్ మాధవి, ఎస్తేర్ అనే నర్సును వెంటబెట్టుకుని వచ్చారు. దగ్గర్లోనే ఉన్న యాప్రాల్‌లో ఒక పెద్దాయనకు భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. ఎస్తేర్ మళ్లీ ఆలస్యంగా వెళ్లిందని ఇంటివాళ్లు ఫిర్యాదు చేశారట.

"బటన్ పనిచేస్తలేదంటది సార్. మిగతా నర్సులకు మంచిగనే ఉంది. ఈమెకొక్కదానికే గిట్ల ఎందుకయితది? సాకే అయితే చెప్పండి, ఆ డ్యూటీకి వేరే అమ్మాయిని పెట్టుకుంట" అన్నారు మాధవి.

"అబద్ధం చెప్పి నాకేమొస్తది మేడం? సారే నొక్కి చూడనీ" అంటూ ఎస్తేర్ ఫోన్ నా చేతికిచ్చింది.

నొక్కాను. ఏమీ కాలేదు. యాప్ మూసుకుపోలేదు, ఏదో తప్పు జరిగిందన్న మాటా కనిపించలేదు. నా ఫోన్‌లో అదే బటన్ నొక్కితే మ్యాప్ వెంటనే వచ్చింది. పాడైన బటన్ అందరికీ పాడవ్వాలి కదా!

"మరి ఆ ఇంటికి ఎలా వెళ్లారమ్మా?"

"అడుక్కుంట పోయిన సార్. నోరుంది గద. గల్లీలన్ని ఒక్కతీరుగనే ఉన్నయి, రెండోసారి సుత తప్పిన."

"వేరే చోట్లకు వెళ్లేటప్పుడు మ్యాప్ చూడరా?"

"అది తీసేసిన సార్. మా చర్చి క్వయర్ ప్రాక్టీసంతా ఫోన్‌లనే రికార్డ్ చేసుకుంట. జాగ సరిపోతలేదు. మీ యాప్‌ల మ్యాప్ ఉండనే ఉంది గద, రెండెందుకని..."

"నీ పాటల కోసం ఆ పెద్దాయన ఆకలితోటి కూసోవాల్నా?" అన్నారు మాధవి.

కానీ నాకు విషయం అర్థమైంది. మా యాప్‌లో మ్యాప్ లేదు. బటన్ చేసేదల్లా ఫోన్‌లోని మ్యాప్ యాప్‌ను పిలవడమే. ఈ పిలుపును మా పనిలో 'ఇంటెంట్' అంటాం. పిలిచిన యాప్ లేకపోతే ఫోన్ 'ఎర్రర్' అని తిప్పి చెబుతుంది. యాప్ కుప్పకూలకుండా మా కోడ్ ఆ ఎర్రర్‌ను పట్టుకుంటుంది. పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటోంది. బటన్ మీద మ్యాప్ బొమ్మ వేసింది మేమే. ఎస్తేర్ ఆ బొమ్మను నమ్మింది.

ఆ సంగతి చెబితే మాధవి కాస్త మెత్తబడ్డారు. "అయితే జెర జల్దీ సరిచేయండి సార్. ఇంకో ఫిర్యాదు వస్తే నా చేతుల ఉండదు."

పిలిచే ముందే 'మ్యాప్ ఉందా?' అని ఫోన్‌ను అడిగేలా మొదట రాశాం. విచిత్రం, మ్యాప్ ఉన్న నా ఫోన్ కూడా లేదంది! ఏ యాప్ గురించి అడగబోతున్నామో ముందే రాసిపెట్టకపోతే, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు ఉన్నదాన్ని కూడా దాస్తాయి. దాంతో అడగడం మానేశాం. నేరుగా పిలవడం, పలకకపోతే ఆ మాట చెప్పడం. 'మీ ఫోన్‌లో మ్యాప్ యాప్ లేదు' అన్న వాక్యం కింద ఇంటి గుర్తు, అంటే 'నీళ్ల ట్యాంక్ వెనక, ఆకుపచ్చ గేటు' లాంటిది, ఇంటివాళ్లకు ఫోన్ చేసే బటన్, మ్యాప్‌ను బ్రౌజర్‌లో తెరిచే లింక్ పెట్టాం.

కొన్నాళ్లకు మాధవి ఫోన్ చేశారు. "యాప్రాల్ డ్యూటీ ఎస్తేర్‌దే సార్. టైముకే పోతున్నది. మ్యాప్ మళ్ల పెట్టుకోమంటే మాత్రం వింటలేదు."

వెనక నుంచి ఎస్తేర్ గొంతు వినిపించింది: "లేదని యాపే చెప్తున్నది గద మేడం, గుర్తు సుత చూపిస్తున్నది. ఇంకెందుకు?"

అప్పటినుంచి ఏ కొత్త బటన్ చేసినా, అది పిలిచే యాప్‌ను ముందు నా ఫోన్‌లోంచి తీసేస్తాను. ఆ తర్వాతే నొక్కి చూస్తాను.