కత్తెరమ్మ కంటికొలత

ఆవిడను అందరూ కత్తెరమ్మ అనేవారు. దర్జీ పని వల్ల సగం, నోటి వల్ల సగం. చర్చిలో క్రిస్మస్ పాటలు పాడే పిల్లల గౌన్లు ముప్పై ఏళ్లుగా ఆవిడే కుడుతోంది, అదీ టేపు పట్టకుండా. ఆదివారం పిల్లలు వరసగా నడిచిపోతుంటే ఒక్క చూపు చూస్తుంది, ఇంటికొచ్చి కొలతలు చెప్పేస్తుంది. "టేపు పట్టేవాడు దర్జీ కాదు, గుమాస్తా" అనేది.

ఈ ఏడు పాటల మాస్టారు భయపడుతూనే వచ్చాడు. "ఈసారికి రెడీమేడ్ తెచ్చుకుందామమ్మా, మీకెందుకు శ్రమ" అన్నాడు. కత్తెరమ్మకు ఒళ్లు మండింది.

"ఒక్క గౌను తేడా వచ్చినా మళ్లీ మిషన్ ముందు కూర్చోను, పో!"

నిజానికి ఆవిడ భయం ఆవిడకుంది. ఏడాదిగా కళ్ల ముందు పొగ కమ్మినట్టు ఉంటోంది. ఆ సంగతి బయటపడితే మిషన్ కోడలి చేతికి పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది గౌన్లు. సాయానికి కోడలు కూర్చుంది. పక్కవీధి నుంచి పాత స్నేహితురాలు, రిటైరైన నర్సు, వచ్చింది. నర్సు సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేది, కోడలు అత్త చెప్పిన కొలతకు గుడ్డ కోసేది. పన్నెండేళ్లుగా ఆ కోడలు వేసిన ప్రతి కుట్టునూ కత్తెరమ్మ నలుగురి ముందూ విప్పించింది. "మీ అమ్మ నీకు తినడం ఒక్కటే నేర్పి పంపిందా?" అనేది.

మూడో గౌను దగ్గర నర్సు ఉండబట్టలేకపోయింది. "ఈ చెయ్యి మరీ పొడుగు కాదూ?"

"నువ్వెళ్లి ఇంజెక్షన్లు పొడుచుకో. గుడ్డ సంగతి నాకొదిలెయ్."

కోడలు మాత్రం "అత్తయ్య కన్ను తప్పదు పిన్నిగారూ" అని తల దించుకుని కోసింది. కత్తెరమ్మకు లోలోపల ఎంత సంతోషమో! దీనికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకుంది.

పండగ పొద్దున చర్చి పక్కగదిలో పిల్లలు గౌన్లు తొడుక్కున్నారు. ఒకడికి వేళ్లు బయటికి రాలేదు. ఒకమ్మాయికి గౌను మోకాళ్ల దగ్గరే ఆగింది. అందరికంటే చిన్నది అంచు తొక్కుకుని బోర్లా పడింది. తల్లులు నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు గానీ నవ్వు ఆగలేదు. మాస్టారు తల పట్టుకున్నాడు.

అప్పుడు కోడలు తన సంచి తెరిచింది. అందులో ఎనిమిది గౌన్లు, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాయి. పిల్లలు తొడుక్కుంటే అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

"ఎప్పుడు కుట్టావే ఇవి?" అంది కత్తెరమ్మ.

"మీరు మధ్యాహ్నం పడుకున్నప్పుడల్లా, పిన్నిగారింట్లో. ఆవిడే సాయం చేశారు. టేపు పెట్టే కొలిచాను."

నర్సు కిటికీ వైపు తిరిగింది.

"తప్పని తెలిసీ నేను చెప్పినట్టే కోశావా?"

"మొదటి గౌనుకే తెలిసింది అత్తయ్యా. చెబితే మీరు దిద్దుకునేవారు."

కత్తెరమ్మ చిన్నదాన్ని దగ్గరికి లాక్కుని గౌను అంచు తిరగేసింది. కళ్లకు ఆనించుకుని చూసింది, వేలితో తడిమింది. ఒక్క లొసుగు దొరికితే చాలు, ఆవిడ పరువు దక్కేది. దొరకలేదు. విప్పించి విప్పించి తనే నేర్పిన కుట్టు అది.

"చంకలో పట్టేసింది చూడండి" అంది, అందరికీ వినబడేలా.

చిన్నది రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "లేదు మామ్మా, ఎక్కడా పట్టలేదు."