సున్నం కొట్టిన గోడ

మా అమ్మ చేతికి చీపురు దొరికితే ఎదురుగా ఎవరున్నా పక్కకి తప్పుకోవలసిందే. ఆ ఒక్క అలవాటు నన్ను ఆఫీసు చుట్టూ ఎంత తిప్పిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నీరసం ముంచుకొస్తుంది.

బెంగాల్లోని బడ్జ్ బడ్జ్‌లో, జూట్ మిల్లు ఎదురు సందులో అమ్మకి చిన్న టిఫిన్ దుకాణం ఉంది. రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక గ్రైండరు. మిల్లు పనికని తెలుగు నేల నుంచి ఇక్కడికొచ్చిన నాన్న పోయాక ఆ దుకాణం మీదే నన్ను పెంచింది. సందు చివర రంగుల గోదాం. ఓ మధ్యాహ్నం అది అంటుకుంది. నల్లటి పొగ, కళ్ళు మండే వాసన. పోలీసులు మైకుల్లో అరుస్తూ సందంతా ఖాళీ చేయించారు. మర్నాటికని రుబ్బిన పిండిని గిన్నెల్లో అలాగే వదిలేసి కట్టుబట్టలతో బయటపడ్డాం. నది అవతల టికియాపారాలో, రైల్వే పని చేసే చిన్నాన్న ఇంట్లో, ఉన్న ఒక్క గదిలో సర్దుకున్నాం. అక్కడున్నన్నాళ్ళూ అమ్మది ఒకటే గోల.

"పిండి ఏటైపోనాదో! పొయ్యి ఏటైపోనాదో!"

వెనక్కి రావచ్చని కబురు తెలిసి వెళ్ళేసరికి దుకాణం నిండా మసి. పిండి పొంగి, గిన్నెలు దాటి, నేల మీద ఎండి బూజు పట్టింది. మంటలార్పడానికి కొట్టిన నీళ్ళు రేకుల సందుల్లోంచి సరాసరి గ్రైండరు మోటారులోకి దిగాయి. పక్కన టీ కొట్టు నడిపే, మేం అన్న వరసలో దాదా అని పిలిచే బెంగాలీ ఆయన మమ్మల్ని చూడగానే పరిగెత్తుకొచ్చాడు. సర్కారు నష్టపరిహారం ఇస్తుందట, సర్వే వాళ్ళొచ్చి చూసేదాకా ఏదీ ముట్టుకోవద్దు మాషీ, అని పిన్ని వరస కలిపి అమ్మకి మరీమరీ చెప్పాడు. అమ్మ తల ఊపింది. ఆయన అటు తిరగగానే కొంగు బిగించింది.

"ఆళ్ళు వచ్చీదాకా ఈ కంపులో పొయ్యిని పాడుబెడతామేటే? ఎల్లు, నీళ్ళు తే."

మా ఊరి వాళ్ళలో అంతే. మూతబడిన పొయ్యిని కడిగి, పసుపు రాసి, ముందు ముగ్గేస్తే గాని మళ్ళీ వెలిగించరు. సాయంత్రానికి నేల మెరిసింది. మర్నాడు గోడలకి సున్నం కూడా పడింది. ఆ గ్రైండరుని ఎంత తోమిందంటే, కొన్న రోజు కూడా అది అంత బాగా లేదు. నేను అడ్డం పడలేదు. ఆ కంపు భరించలేక నీళ్ళు నేనే మోసాను.

సర్వే ఆయన వచ్చాడు. మిగతా దుకాణాల వాళ్ళు మసి పట్టిన షట్టర్ల ముందు, పగిలిన గాజు పెంకుల మధ్య దిగాలుగా కూర్చున్నారు. ఆయన ఫోనుతో ఫోటోలు తీసుకుంటూ మా దగ్గరికొచ్చి ఆగిపోయాడు. తెల్లటి గోడలు, పసుపు రాసిన పొయ్యి, గుమ్మంలో ముగ్గు. ఇక్కడికి పొగ రాలేదా అని అడిగాడు. వచ్చిందన్నాను. గ్రైండరు చూపించాను. నడిపి చూపించమన్నాడు. కరెంటింకా ఇవ్వలేదు, ఎలా నడపను? నష్టం కనబడలేదని రాసుకుని వెళ్ళిపోయాడు. కరెంటు వచ్చాక మెకానిక్కు మోటారు విప్పి, కొత్తది కొనుక్కోవడమే మంచిదన్నాడు. కొనే స్థోమత మాకెక్కడిది? పరిహారం వస్తేనే గ్రైండరు. అప్పటిదాకా చేత్తోనే రుబ్బుదామని అమ్మ మూలనున్న రుబ్బురోలు బయటికి లాగింది. అసలే మణికట్టు నొప్పులతో జాకెట్టు హుక్కులు నాచేత పెట్టించుకునే మనిషి.

నేను పరిహారం ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. బస్సు, ఎండ, బల్ల, ఎదురుచూపు. కడగకముందు తీసిన ఫోటో తెమ్మన్నాడు గుమాస్తా. మసిని ఫోటో తీసుకునేవాళ్ళుంటారా? అసలు మీ అమ్మగారు ఎందుకు కడిగారని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అర్థంకాక. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న బెంగాలీలోనే పొయ్యి, పసుపు, ముగ్గు అంటూ చెప్పుకొచ్చాను, ఆయనకి ఇంకా అయోమయమే. విసుగొచ్చింది. ఆయన మీద, అమ్మ మీద, నా మీద. చివరికి ఎలాగో దయతలచి, మర్నాడే ఇంకోసారి మనిషిని పంపిస్తామన్నారు.

ఆ కబురు విని దాదా సాయంత్రం ఒక డబ్బా తెచ్చాడు. తన కొట్టు గోడల మీంచి గీకిన మసి. మీ గోడ మీద ముందు ఉన్నదేగా, తిరిగి పెడుతున్నారంతే, అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. అమ్మ డబ్బా వంక చూసి మొహం తిప్పుకుంది.

"నువ్వే పుయ్యి. నాను సూడలేను."

ఆమె బయట అరుగు మీద కూర్చుంది. నేను పొయ్యి వెనక గోడంతా పూశాను. చేతులు నల్లబడ్డాయి, ఏడుపొచ్చింది.

పొద్దున్నే లేచి దుకాణంలోకి వెళ్ళేసరికి గోడ తెల్లగా ఉంది. గుమ్మంలో ముగ్గు సగం పడింది. తడిగుడ్డ పక్కన పెట్టుకుని, వేళ్ళ మధ్య ముగ్గుపిండి పట్టుకుని అమ్మ అలాగే చతికిలబడి ఉంది.

"మరిసిపోనానే. లేసినాను, మసి కనబడ్డాది, తుడిసేసినాను. ముగ్గెడతంటే గేపకమొచ్చింది."

కోప్పడదామని నోరు తెరిచాను. ఆమె భయంగా నన్నే చూస్తుంటే, పక్కనున్న తడిగుడ్డ తీసి అవతల పెట్టాను. చిన్నప్పుడు పాలు ఒలకబోసి నేను ఆమెని అలాగే చూసేదాన్ని. మళ్ళీ పూయడానికి వేళ లేదు. నిజం చెప్పాలంటే నాకు ఓపికా లేదు. ఆఫీసు నుంచి వచ్చినాయన గోడ చూశాడు, ముగ్గు దాటాడు, మూలనున్న డబ్బాలోకి తొంగి చూసి ఇదేమిటన్నాడు. దాదా తన కొట్టులోంచి గబుక్కున వచ్చి, అది తనదేనని తీసుకుపోయాడు. ఆ ఆఫీసాయన నవ్వలేదు, కోప్పడలేదు. పాత రిపోర్టే ఉంటుందని చెప్పి, అమ్మ ఇచ్చిన టీ సగం తాగి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత నేను ఆఫీసుకి వెళ్ళలేదు. రోజూ మధ్యాహ్నం రోలు దగ్గర కూర్చుని పిండి నేనే రుబ్బుతున్నాను. భుజాలు పీకేస్తాయి. అమ్మ పక్కనే పీట వేసుకుని, పప్పు ఎగదోస్తూ, మెత్తగా లేదని వంక పెడుతుంది. అంతా అయ్యాక రోలు కడగబోతే మాత్రం చెంబు నా చేతిలోంచి లాక్కుంటుంది.

"నీకు సేతకాదు, ఇలగియ్యి."

ఆ మణికట్టుతోనే కడుగుతుంది.