రాని గెలలు

రత్నమాణిక్యం వసారాలో అరటిగెల వేలాడని రోజు అరుదు. అవి రావులపాలెం మార్కెట్టులో కొన్నవి కావు, కామెర్లు తగ్గినవాళ్ళు తెచ్చి దూలానికి కట్టినవి. పొలం గట్టున దొరికే నేల ఉసిరిని వేళ్ళతో సహా నూరి, మజ్జిగలో కలిపి, మూడు రోజులు పరగడుపున తాగిస్తుంది ఆవిడ. డబ్బు పుచ్చుకోదు, పుచ్చుకుంటే మందు పనిచేయదని అత్తగారు ఒట్టు వేయించుకుంది. తగ్గాక మాత్రం గెల తెచ్చి కట్టాలి. అప్పుడే మందు పూర్తయినట్టు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. ఆ వీధి పిల్లలు ఆ పళ్ళు తినే పెరిగారన్నా అబద్ధం కాదు.

పొగడ్త ఆవిడకేమీ చేదు కాదు. హస్తవాసి గొప్పదని ఎవరైనా అంటే అంతా అమ్మవారి దయ అంటూనే, ఆ మనిషి దూలం వైపు చూశాడో లేదో ఓ కంట కనిపెట్టేది.

కిందటేడు వేసవిలో వినీల వచ్చింది. ఆయుర్వేదం చదివి, నేల ఉసిరి మీద పరిశోధన చేస్తున్న పిల్ల. రత్నమాణిక్యం కుర్చీ వేసి, నాలుగు చక్కెరకేళీలు తుంపి చేతిలో పెట్టి, తన మందు పుస్తకాలకెక్కబోతోందని మురిసిపోయింది. మొదటి ప్రశ్నకే ఆ మురిపెం కాస్తా దిగిపోయింది.

"మందు తాగి మళ్ళీ రానివాళ్ళు ఎంతమంది ఉంటారండి, మామ్మగారూ?"

"తగ్గినోళ్ళంతా వస్తారమ్మా."

"తగ్గనివాళ్ళు?"

ఆవిడకు ఒళ్ళు మండింది. మండటానికి కారణం ఆ పిల్ల కాదు. రానివాళ్ళు బద్ధకస్తులో, మేలు మరిచినవాళ్ళో అనుకుందే తప్ప, రాలేనివాళ్ళూ ఉంటారని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. చూపిస్తాను పద అంటూ, గెల తేనివాళ్ళలో గుర్తున్న పేర్లన్నీ రాయించి, వినీల స్కూటీ ఎక్కి కూర్చుంది.

నాలుగు రోజుల్లో పందొమ్మిది ఇళ్ళు తిరిగారు. పద్నాలుగు ఇళ్ళలో మనుషులు గుండ్రాళ్ళలా ఉన్నారు. గెల మాట గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు. ఆవిడ వినీల వంక గర్వంగా చూసింది. నలుగురు మధ్యలోనే ఆస్పత్రికి వెళ్ళి బాగుపడ్డారు. అప్పుడు ఆవిడ వినీల వంక చూడలేదు. మిగిలింది బుల్లబ్బాయి ఇల్లు. గుమ్మం పక్కన దండ వేసిన ఫొటో ఉంది.

అతని భార్య సత్యకుమారి ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. కాళ్ళు వాచి, కడుపులో నీరు పట్టేదాకా మీ మందే తాగుతానని పట్టుబట్టాడని, మీ చేతి మీద అంత గురి అని చెప్పి, మంచినీళ్ళిచ్చింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది రత్నమాణిక్యానికి.

తిరుగుదారిలో వినీల నెమ్మదిగా చెప్పింది. చెడ్డ నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కాలేయాన్ని లోలోపల తినేసే రకాలు వేరు, అవి రక్తపరీక్షలోనే బయటపడతాయి. నేల ఉసిరి ల్యాబుల్లో కొంత ఆశ కలిగించింది గానీ, మనుషుల్లో పనిచేస్తుందని ఇంకా గట్టిగా తేలలేదు.

"అంటే నేనిచ్చింది ఉత్త ఆకురసమేనా?"

"అలాగని చెప్పలేనండి. మందని కూడా చెప్పలేను. అది తేల్చడానికే తిరుగుతున్నాను."

ఆ మాట బాధపెట్టినా, దాచకుండా చెప్పినందుకు ఆవిడకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

నెల తిరక్కుండానే రావులపాలెంలో కిరాణా వర్తకం చేసే గున్నేశ్వరరావు కారులో వచ్చాడు. కళ్ళు పసుపు ముద్దలు, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆయన తమ్ముడికి ఈ పసరుతోనే తగ్గింది. రోగి కోరిందీ పసరే, రోట్లో ఉన్నదీ పసరే. కానీ ఆవిడ ఇవ్వలేదు. రక్తపరీక్ష చేయించుకోమంది. ఆయన బతిమాలాడు, అలిగాడు, పెద్దావిడకి పొగరెక్కిందన్నాడు. ఆ మాట ఆవిడకు తగలాల్సిన చోటే తగిలింది. అయినా చెప్పులు వేసుకుని వచ్చి కారులో కూర్చుంది.

"బుల్లబ్బాయి గారని ఒకాయనకి ఇలాగే కాళ్ళు వాచాయండి. ఆయన్ని నేను పంపలేదు. మిమ్మల్ని ఆస్పత్రిలో దింపితేగానీ నేను ఇంటికెళ్ళను."

హెపటైటిస్ బి అని తేలింది. ఇంకొంత ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళమన్నారు డాక్టరుగారు. రోజూ ఒక మాత్ర, అదీ మానకుండా వేసుకోమన్నారు.

ఏడు నెలలకి గున్నేశ్వరరావు గెల భుజాన పెట్టుకుని తనే మెట్లెక్కి వచ్చాడు. తాను మందివ్వలేదు కదా, ఈ గెల చెల్లదంది రత్నమాణిక్యం. ఆయన వినిపించుకోకుండా దూలానికి కట్టేసి వెళ్ళాడు. ఆ వేళ వినీల అక్కడే ఉంది.

"ఇది నా మందు కింద రాయకమ్మా," అంది ఆవిడ. మళ్ళీ తనే, "బుల్లబ్బాయి గారి పేరు రాశావా?" అని అడిగింది.

రాశానంది వినీల.

గెల పండిన రోజు పిల్లలు ఎప్పట్లాగే వసారాలో మూగారు. రత్నమాణిక్యం వాళ్ళను ఆగమని, పైనున్న మొదటి అత్తం పళ్ళు గుత్తిగా కోసి, పమిట చెంగులో పెట్టుకుని సత్యకుమారి ఇంటికి బయలుదేరింది.