సముద్రం వచ్చిందా, వెళ్ళిందా?

2004 మార్చిలో నన్ను టెక్కలి నుంచి పలాస శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుడిగా బదిలీ చేశారు. శాఖతో పాటు ఉద్దానం తీరంలోని పుస్తక నిక్షిప్త కేంద్రాలు కూడా నా కిందికి వచ్చాయి. పేరు పెద్దదే గాని, నిక్షిప్త కేంద్రమంటే ఒక చెక్కపెట్టె, అందులో శాఖ పంపిన పుస్తకాలు, వాటిని చూసుకునే ఊరి మనిషి ఒకరు. అంతే. మూడు నెలలకోసారి పాతవి తెచ్చి కొత్తవి పెట్టాలి.

పదో తరగతి తర్వాత నేను కాలేజీ మొహం చూడలేదు. టెక్కలి గ్రంథాలయంలో బల్లలు తుడిచే పనికి చేరి, తుడిచిన బల్ల మీద కనబడిన పుస్తకమల్లా చదివి, ఆ చదువుతోనే గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ పరీక్ష ప్యాసయ్యాను. విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ అట్ట నుంచి అట్ట దాకా చదివానని ఇప్పటికీ చెప్పుకుంటాను. వినేవాళ్ళు తగ్గారు, అది వేరే సంగతి.

చేరిన కొత్తలోనే ఒక విరాళం పెట్టె వచ్చింది. పలాస వాడైన ఓడల ఇంజనీరు ఒకాయన దేశదేశాల రేవుల్లో కొన్న పుస్తకాలు పంపారు. అందులో ఒకటి జపాను బొమ్మల పుస్తకం, ఇంగ్లీషులోకి మార్చింది. విజ్ఞాన కల్పనే గాని అందులో రాకెట్లు లేవు, యుద్ధం లేదు, కథానాయకుడూ లేడు. మాటలు ఎక్కడో ఒకటీ అరా. ఎప్పుడో రాబోయే కాలంలో సముద్రం రోజుకింత చొప్పున వెనక్కి జరిగిపోతూ ఉంటుంది. ఒక ముసలమ్మ, ఆమె వెంట ఒక ఇనుప మనిషి, వల భుజాన వేసుకుని దాని వెనకే నడుస్తూ ఉంటారు. చివరి పేజీలో ఇసుక, ఇసుక మీద పరిచిన వల.

పద్ధతి ప్రకారం కొత్త పుస్తకానికి జాబితాలో వరసగా పడే చేర్పు సంఖ్య, ముద్ర, వెన్ను మీద వర్గీకరణ సంఖ్య వేయాలి. ఏ విషయపు పుస్తకం ఏ బీరువాలోకి వెళ్ళాలో చెప్పేది ఆ వర్గీకరణ సంఖ్యే. కథల్లో పెట్టాలా, చిత్రకళలో పెట్టాలా అని ఒక పూట ఆలోచించి, బొమ్మలున్నాయి కదా అని పిల్లల సంఖ్య సిరాతో రాసేశాను. పిల్లలు ఒకసారి తిరగేసి, కొట్లాట లేదని అక్కడే పడేశారు.

పెద్దల స్పందన పాఠకుల అభిప్రాయ పుస్తకంలో మొదలైంది. రిటైరైన హెడ్మాస్టరు గారు "మాటలు లేనిది పుస్తకమెట్లా అవుతుంది?" అని రాశారు. ఒక జీడిపప్పు వ్యాపారి, అట్ట వెనక వైపు ఉంది కనక బైండింగు తప్పనీ, పంపినవారికే తిప్పి పంపాలనీ సలహా ఇచ్చారు. రైల్వే గార్డు ఒకాయన మాత్రం "రైలు వచ్చేలోగా రెండుసార్లు చూశాను. రెండోసారి బాగుంది" అని రాశారు. జపాను వాళ్ళు కుడి నుంచి ఎడమకు చదువుతారు, అది తప్పు కాదు, పద్ధతి అని వాటి కింద నేను ఎర్ర సిరాతో వివరణ రాశాను. విజ్ఞాన సర్వస్వం చదివింది ఎందుకు మరి!

ఏప్రిల్‌లో అక్కుపల్లి దగ్గరి ఒక మత్స్యకార పల్లెకు పెట్టె మార్చడానికి వెళ్తూ, ఈ పుస్తకాన్నీ అందులో పడేశాను. అక్కడ కేంద్రం చూసుకునేది గున్నమ్మ. నలభై దాటిన మనిషి. అక్షరాస్యత తరగతుల్లో చదవడం నేర్చుకుంది. నేర్చింది మరిచిపోకుండా ఉండడానికి ఆమెకు ఊళ్ళో ఆ పెట్టె తప్ప ఇంకో ఆధారం లేదు. ఆ పెట్టెకే ముప్పు వచ్చిపడింది. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు లేని కేంద్రాలను మూసేయాలని పై కార్యాలయం ఉత్తర్వు. ఆ పల్లెలో పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళే అలవాటే లేదు. గున్నమ్మ ఇంటి పంచలోనే చూసి అక్కడే పెట్టి వెళ్ళేవారు. జారీ లెక్కలోకి అది రాదు.

"ఈ పెట్టె ఎల్లిపోతే నాను మళ్ళీ వేలిముద్రకి ఎల్లిపోతాను బాబూ," అంది గున్నమ్మ. నవ్వుతూనే అంది గాని, పెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు.

అది వేట నిషేధ కాలం. తెప్పలు ఒడ్డున, మగవాళ్ళు పందిళ్ళ కింద వలలు బాగు చేసుకుంటూ ఉన్నారు. వల బాగుచేసే వాడికి చేతులకు పని, నోటికి తీరిక. మే నెలలో తనిఖీ అధికారి మూర్తి గారితో కలిసి నేను వెళ్ళేసరికి పల్లె రెండు ముక్కలై ఉంది. మూర్తి గారు వచ్చింది మూసివేత పత్రం మీద సంతకం చేయడానికి. మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. పందిరి మధ్య, వలల మీద ఆ పుస్తకం తెరిచి ఉంది.

"సముద్రం ఎల్లిపోనాదిరా! కళ్ళు నేవేటి? ఆకరికి ఇసక తప్ప ఏటుంది?" అంటున్నాడు ఎర్రయ్య అనే పెద్దాయన.

"నువ్వు ఎనకనించి సూత్తన్నావు మావా. ఇటునించి సూడు. ముందు ఇసక, ముసిల్ది వల ఏసింది, సముద్రాన్ని నాగీసింది. వచ్చీసింది!" అన్నాడు ఆయన మేనల్లుడు చిట్టయ్య.

"వలకి నీరాగుతాదేటిరా సన్నాసీ?"

"ఇనపోడు నడుత్తాడు గానీ వలకి నీరాగదేటి? ఏం మాటాడతన్నావు మావా!"

గున్నమ్మ అత్త చంటమ్మది మూడో పక్షం. "వల అలగ ఎవుడైనా ఏత్తాడేటి? ఆ జపానోడు ఒక్కనాడూ ఏటకెల్లినోడు కాడు. ముసిల్దాన్ని ఉత్తినే నడిపించి సంపేసినాడు."

నేను ఊరుకోలేక ముందుకెళ్ళి, కుడి నుంచి ఎడమకు చదవాలని చెప్పాను. ఎర్రయ్య జబ్బ చరుచుకున్నాడు. చిట్టయ్య మాత్రం తగ్గలేదు. "జపానోడు అటు సదువుకుంతాడు బాబూ, మనం ఇటు సదువుకుంతాం. పుస్తకం మన ఊరొచ్చింది గదా!" నా విజ్ఞాన సర్వస్వంతో సహా నేను పక్కకు తప్పుకున్నాను.

తగువు మూర్తి గారి దాకా వచ్చింది. "మీరు సదువుకున్నోరు, సెప్పండి," అని ఒక వల చుట్ట మీద కూర్చోబెట్టారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి చూశారు. సముద్రం వెళ్ళడం సహజమనీ, రావడం కథకు అందమనీ ఏదో అనబోయారు. చంటమ్మ అందుకుంది. "అధికారి బాబు రెండు పడవల మీదా కాలేసినారు, పడిపోతారు సూసుకోండి." పందిరంతా నవ్వింది. ఆయనకు పౌరుషం వచ్చింది. ఇంటికి పట్టుకెళ్ళి నిదానంగా చూసి తేలుస్తానన్నారు.

అప్పుడు గున్నమ్మ లేచింది. "పట్టుకెల్తే సబ్యత్వం ఉండాల కదా బాబూ."

ఆయన నా వైపు చూశారు. నిబంధన నిబంధనే. సభ్యుడు కానివారికి పుస్తకం ఇవ్వకూడదు. సభ్యుడు కావాలంటే ఊళ్ళో ఒకరు పూచీ ఉండాలి.

"పూసీ ఎవులుంతారు?" అని గున్నమ్మ పందిరిని అడిగింది.

ఎర్రయ్య ఆయన్ని కింది నుంచి పై దాకా చూశాడు. "మనిసి మంచోడి లాగే ఉన్నాడు. నానుంతాను. పుస్తకం తేకపోతే మాత్రం పలాసొచ్చి పట్టుకుంతాను, ముందే సెప్తన్నాను."

మూర్తి గారు సభ్యత్వ పత్రం నింపి, సంతకం చేసి, పుస్తకం చంకలో పెట్టుకున్నారు. మూసివేత పత్రం సంచిలోనే ఉండిపోయింది. జీపు ఎక్కాక నాకు వెలిగింది, ఆయనకు అంతకుముందే వెలిగిందో లేదో ఇప్పటికీ తెలియదు. కేంద్రం మూయాలంటే పుస్తకాలన్నీ లెక్క సరిపోయి శాఖకు తిరిగి రావాలి. ఒక్క పుస్తకం గడువు లోపల సభ్యుడి దగ్గర ఉన్నా మూసివేత వాయిదా పడుతుంది.

గడువు ముగిసే ముందు ఆయన దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఇంకా తేలలేదు, గడువు పొడిగించగలరు అని. పొడిగించాను. మళ్ళీ కార్డు, మళ్ళీ పొడిగింపు. వానలు వచ్చాయి, వేట మొదలైంది, కార్డులు మాత్రం ఆగలేదు. పై కార్యాలయం అడిగినప్పుడల్లా "ఒక పుస్తకం సభ్యుని వద్ద ఉన్నది" అని రాసేవాణ్ణి. ఆ సభ్యుడెవరని వాళ్ళు అడగలేదు.

పల్లెలో మాత్రం నాకు తిట్లు తప్పలేదు. "మా పుస్తకం ఏదీ?" అని పెద్దలు నిలదీసేవారు. పుస్తకం లేకుండానే తగువు సాగింది. అందులో పైచేయి కోసం మిగతా పుస్తకాలు తిరగేసేవాళ్ళు, జపాను ఎక్కడుందని చిట్టయ్య అట్లాసు ఇంటికి పట్టుకెళ్ళాడు. అతని వెనక మరికొందరు పట్టుకెళ్ళారు. గున్నమ్మ జారీ లెక్క రాసే చేతికి విశ్రాంతి లేకపోయింది. తర్వాతి వేసవిలో మూర్తి గారు పల్లెకు వచ్చి ఆ లెక్క చూసి, కేంద్రం కొనసాగించవచ్చని సిఫారసు రాశారు. అదే రోజు పుస్తకం తిరిగి ఇచ్చారు. వెళ్ళిందా, వచ్చిందా అని నేనడిగితే, ఎర్రయ్యకే చెప్తానన్నారు.

పుస్తకం మళ్ళీ పందిరి కిందికి చేరింది. అందరూ మూగి చూశారు. ఎర్రయ్య చివరి పేజీ దాకా వెళ్ళి, అట్ట మూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది మన పుస్తకం కాదు. మనదాంట్లో కుక్కుండేది."

"అవును మావా," అన్నాడు చిట్టయ్య, ఏడాదిలో మొదటిసారి మావతో ఏకీభవిస్తూ. "ముసిల్దాని ఎనకాలే నడిచేది. మార్చీసినారు."

ముద్ర నాది, చేర్పు సంఖ్య నా చేతి రాత. చూపించాను. ఎవరూ ఒప్పుకోలేదు. మూర్తి గారి వైపు అందరూ అనుమానంగా చూశారు. ఆయన ఎర్రయ్యకు చెప్పాలనుకున్నది చెప్పకుండానే జీపు ఎక్కారు.

వాళ్ళు తమది కాదన్న ఆ పుస్తకాన్ని శాఖకు తెచ్చి, వెన్ను మీది సిరాను బ్లేడుతో గీకేసి, పెన్సిల్‌తో సంఖ్య వేశాను. అప్పటి నుంచి కొత్తరకం పుస్తకం ఏది వచ్చినా సంఖ్య పెన్సిల్‌తో రాసి, ఒక విడత పాఠకుల చేతుల్లో తిరిగి వచ్చాకే సిరాతో దిద్దాను. పాఠ్యగ్రంథాల్లో లేని ఈ పద్ధతి నా సర్వీసు చివరి దాకా పనికొచ్చింది. ఆ ఒక్క పుస్తకం మీద మాత్రం నేను రిటైరయ్యే నాటికీ పెన్సిలే ఉంది.