ఖతార్ తోటలో ఎలుగుబంటికి ఎర

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. మాది కృష్ణా జిల్లా, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే కుటుంబం. తాడును చూసి పామని అరిచే రకం కాదు నేను. ఇది చదివి నవ్వేవాళ్ళు నవ్వండి, వేరేవాళ్ళు చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

తొంభైల్లో నేను ఖతార్‌లో, అల్ రయ్యాన్ దాటాక ఉన్న ఒక మజ్రాలో, అంటే తోటలో, పికప్ డ్రైవర్‌ని. మా అర్బాబ్‌కి, అంటే యజమానికి, జంతువుల పిచ్చి. జింకలూ నెమళ్ళూ చాలక ఒక ఎలుగుబంటి పిల్లను తెప్పించాడు. దాన్ని చూసుకునే పని నా రూమ్మేట్ లింగయ్యది. ఆదిలాబాద్ వైపు మనిషి. పాపం, కట్టడం పని అని ఏజెంటు పంపిస్తే ఇక్కడికొచ్చి ఎలుగు పాలయ్యాడు.

మొదట్లో దాని దగ్గరికి వెళ్ళాలంటే వణికిపోయేవాడు. అది పెరిగి పెద్దదయ్యేసరికి చేత్తో అన్నం పెట్టేదాకా వచ్చాడు. ఆ చనువే కొంప ముంచింది. ఒకరోజు బోను కడిగి గొళ్ళెం వేయడం మరిచాడు. అది కాస్తా ఖర్జూరపు చెట్లలోకి దూరింది.

అర్బాబ్ మండిపడ్డాడు. మర్నాడు సాయంత్రం లోపు దొరక్కపోతే దాన్ని కాల్చేస్తానన్నాడు, లింగయ్య వీసా కాన్సిల్ అన్నాడు. ఊళ్ళో లింగయ్యకి ఇద్దరు పసిపిల్లలు. దాన్ని చంపేస్తారనీ తనని పంపేస్తారనీ రెండింటికీ కలిపి ఏడ్చాడు.

ఎలుగు లోపలికొచ్చి పలక తొక్కితే తలుపు పడేట్టు బోను సిద్ధం చేశాం. ఏ ఎర పెట్టాలన్నదే తంటా. నేను మేకమాంసం పెట్టాను. పిల్లులు తినిపోయాయి. తేనె పెడితే చీమలు పట్టాయి. పోనీ ఖర్జూరాలు పెడదామా అంటే, తోటంతా పండి రాలుతున్నాయి. కాళ్ళ కిందే విందుంటే బోనులోకి ఎందుకొస్తుంది?

"ఇప్పపువ్వు ఉంటెనా అన్నా, వాసనకే ఉరికొస్తది. మా దిక్కు గుడ్డెలుగులు ఆ చెట్ల కిందనే తిరుగుతయి," అన్నాడు లింగయ్య.

"ఈ ఇసుకలో ఇప్పపువ్వు ఎక్కణ్ణించి తెస్తామయ్యా?" అన్నాను విసుగ్గా.

అతను బోను పలక సరిచూస్తూ అన్నాడు. "మా అవ్వ ఇప్పపువ్వు ఏరవోయే సచ్చిపోయిందన్నా. గుడ్డెలుగు చంపింది. నేనప్పుడు చిన్నగున్న."

అవ్వ అంటే వాళ్ళ వైపు తల్లి. అన్నాళ్ళు ఒకే గదిలో ఉన్నా ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

ఎండిన ఇప్పపువ్వు కిస్‌మిస్‌లా ఉంటుందన్నాడు. సరేనని కిస్‌మిస్ తెచ్చి, బెల్లం నీళ్ళలో నానబెట్టి, మర్నాడు పొద్దున పళ్ళెంలో పోసి బోనులో పెట్టాం. ఎండ ముదిరాక గదిలో కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక ఇనుప తలుపు ధడాలున పడింది.

పరుగెత్తాం. ఎలుగు లోపలే ఉంది. కిస్‌మిస్ మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. పళ్ళెం పక్కన కుప్పగా పోసిన తెల్లటి పూలేవో తింటోంది. మందంగా, గుండ్రంగా ఉన్నాయి. మత్తెక్కించే తియ్యటి వాసన. లింగయ్య చువ్వల్లోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుని నమిలాడు.

"ఇప్పపువ్వన్నా. పచ్చిది."

తర్వాత అబూ హమూర్ క్యాంపులోని నిజామాబాద్ వాళ్ళని అడిగాను. ఆ పువ్వు ఎండాకాలం మొదట్లో రాలుతుంది, ఖర్జూరాలు పండేనాటికి తమ ఊళ్ళలోనే పచ్చిది దొరకదు, ఇక్కడికెలా వస్తుంది అన్నారు.

ఆ రోజు బోను దగ్గర మేమలా చూస్తుండగానే గేటు దగ్గరుండే సూడానీ వాచ్‌మన్ వచ్చాడు. "వో ఔరత్ కౌన్?" అని అడిగాడు. ఆ మజ్రాలో ఆడమనిషన్నదే లేదు. చీర ఎగదోపుకుని, నెత్తిన వెదురుగంపతో, కాలిపోయే ఇసుకలో చెప్పులైనా లేకుండా ఒకామె వచ్చిందట. గంపలోది బోనులో పోసి చెట్లలోకి వెళ్ళిపోయిందట. మా తాలూకు మనిషనుకుని ఊరుకున్నాడట. నేను ఇసుకంతా వెతికాను. ఎలుగు అడుగులూ మా చెప్పుల గుర్తులూ తప్ప ఇంకేమీ కనబడలేదు.

లింగయ్య ఒక్కటే అడిగాడు. "కుచ్ బోలీ క్యా?"

ఏదో అడిగిందిగానీ ఆ భాష తనకు తెలియదన్నాడు వాచ్‌మన్. మా గది వైపు చెయ్యి చూపి, ఐదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టుకుని, ఇదిగో ఇలా అడిగిందన్నాడు.

ఎలుగు తప్పించుకున్నప్పటినుంచి లింగయ్య మెతుకు ముట్టలేదు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

"తింట అవ్వా, తింట," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. గదిలోకి వెళ్ళి చల్లారిన అన్నమే కలుపుకుని తిన్నాడు. అతని వీసా నిలిచింది, ఎలుగూ బతికింది.

దెయ్యాల్ని నేను ఇవాళ్టికీ నమ్మను. ఆ పువ్వు ఎలా వచ్చిందో, ఆమె ఎవరో చెప్పమంటే చెప్పలేను. తనని చంపిన జాతికే ఆమె తిండి ఎందుకు పెట్టిందంటే మాత్రం, నేనూ పిల్లలున్నవాణ్ణే, చెప్పగలను.