ఏలక్కాయను మూట కట్టిందెవరు?

దేవుడున్నాడనడానికి కంటికి కనిపించే ఆధారాలు గట్టివా, ఉత్త తర్కం గట్టిదా, పోల్చి రాయమన్నారట మా మనవరాలిని కాలేజీలో. నిన్న ఫోను చేసి నన్నడిగింది. ఆ రెండు పక్షాలూ మద్రాసు జార్జి టౌన్‌లోని మా ఇంటి వసారాలో ఒకే చాపమీద కూర్చుని కాఫీ తాగేవని చెప్పాను.

మొదటి పక్షం మా మామగారు, ఏలకుల టోకు వ్యాపారి. రెండోది మా నాన్న, మైలాపూరులో లెక్కల మాస్టారు. ప్రతి ఆదివారం బస్సెక్కి నన్ను చూడ్డానికి వచ్చేవారు. నేను చెప్పేది 1971 ఆగస్టులో ఒక ఆదివారం సంగతి. మా అత్తగారు అది శనివారమని చివరిదాకా వాదించారు గాని, శనివారం నాన్నకి బడి ఉండేది. అప్పటికి నా తొలిచూలు బిడ్డ పోయి నాలుగు నెలలు. పూజగదిలో దీపం పెట్టడం మానేశాను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడక్కుండా, వీళ్ళిద్దరూ వంటింట్లో నాకు వినబడేంత గట్టిగా దేవుడి గురించి వాదించుకునేవారు.

ఆరోజు మామగారు ఒక ఏలక్కాయ ఒలిచారు. "చూడండి బావా, మూడు అరలు, గింజ పక్కన గింజ, సందు లేకుండా. ఇన్నేండ్లుగా మూటలు కట్టిస్తా ఉండా, మావోళ్ళు ఒక్కరూ ఇంత పొందిగ్గా కట్టలా. కట్టినోడు లేకుండానే మూట వచ్చిందంటారా?"

"కాయను చూసి నమ్మితే, రేపు కుళ్ళిన కాయను చూసి మానేయాలి బావగారూ. ప్రతిదీ ఇంకోదాని మీద ఆధారపడి ఉంది. దేనిమీదా ఆధారపడనిది ఒకటి లేకపోతే అసలేదీ ఉండదు. దానికి కళ్ళతో పన్లేదు, ఆలోచిస్తే చాలు" అన్నారు నాన్న.

"ఆలోచిస్తే చాలా! గోడౌను నిండా సరుకుండాదని నేనూ ఆలోచిస్తా, సాయంత్రానికి వచ్చేస్తాదా?"

కాఫీ తెచ్చిన నేను ఆ కాయను అందుకుని చూశాను. ఒక అరలో గింజల్ని పురుగు తొలిచేసింది. "ఇది కూడా ఆయనే కట్టాడా మామయ్యా?" అన్నాను.

మామగారికో పద్ధతి ఉండేది: కొనేవాళ్ళకి నమూనా చూపించేటప్పుడు పుచ్చిన కాయను పళ్ళెంలో అన్నిటికన్నా పైన పెట్టేవారు. ఈ కాయనూ అలాగే మా మధ్య పెట్టి, "సరుకులో పుచ్చుంటే నేను దాచనమ్మా. దేవుడి తరఫున కూడా దాచను. దీనికి నా కాడ జవాబు లేదు" అన్నారు.

"నా దగ్గరా లేదు" అన్నారు నాన్న.

కర్మ అనీ, రాత అనీ నాకు చెప్పిపోయినవాళ్ళు చాలామంది. తెలియదని చెప్పింది వీళ్ళిద్దరే. బిడ్డ పోయాక మొదటిసారి, వాళ్ళ ముందు కూర్చుని ఏడ్చాను.

మళ్ళీ దీపం వెలిగించింది 1974 కార్తీకంలో. అయితే ఎవరి వాదం నెగ్గిందంది మనవరాలు. ఏదీ నెగ్గలేదు. ఆ మూడేళ్ళూ ప్రతి ఆదివారం వాదించుకుంటూనే ఉన్నారు. నన్ను మాత్రం ఒక్కనాడూ తొందరపెట్టలేదు. ఇప్పుడు వాళ్ళిద్దరి వయసూ దాటి వచ్చాక అనిపిస్తుంది, ఒక మనిషి తేరుకోవడానికి పట్టినంత కాలాన్ని అంత ధారాళంగా ఇచ్చినవాళ్ళు నాకు మళ్ళీ తారసపడలేదని.