మూడు ముట్టిస్తే ఒకటే పేలింది

1961 మార్చిలో నన్ను జహీరాబాద్‌కు ఓవర్సీరుగా వేశారు. సాగునీటి పథకం కింద రైతుల పొలాల్లో తవ్వే బావులను కొలవడం, రాయి పేల్చే పని నియమాల ప్రకారం సాగేలా చూడడం, అసిస్టెంట్ ఇంజనీరుగారికి వారం వారం నివేదిక పంపడం నా విధులు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండలేదు. సైకిలు మీద ఝరాసంగం వైపు ఎర్రమట్టి దారిలో పోతుంటే తాలూకా దాహమంతా నా చేతుల మీదుగానే తీరబోతుందన్నంత హుషారుగా ఉండేది.

అక్కడి నేల సంగతి చెప్పాలి. పైన పదిహేనడుగులు ఎర్రటి మొరం, గడ్డపారకు లొంగుతుంది. దాని కింద నల్లరాయి. ఉక్కు కడ్డీని సమ్మెటతో కొట్టి రాతిలో రంధ్రాలు తొలిచి, పేలుడు మందు దట్టించి, ఒక్కోదానికి ఆరడుగుల వత్తి అమర్చాలి. అంత వత్తి కాలడానికి మూడు నిమిషాలు పడుతుంది. అడుగున ఇద్దరుండాలి. ఒకడు ముట్టించాలి, రెండోవాడు ఎన్ని ముట్టించారో లెక్కపెట్టాలి. గిరక మీది తాడుకు కట్టిన ఇనుప తొట్టిలో ఒక్కొక్కరే పైకి రావాలి. పేలుళ్ల లెక్క తగ్గితే అరగంట దాకా ఎవరూ దిగకూడదు. ఈ నియమాలన్నీ నాకు కంఠతా వచ్చు.

మా మందు మేస్త్రీ దేవదాసు. లైసెన్సు ఉన్నవాడు, పనితనం ఉన్నవాడు. రాయి కొట్టే ముఠాకు పెద్ద యాకోబు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే చర్చి. యాకోబు అక్కడ సంఘపెద్ద. తాగి ఆరాధనకు వచ్చాడని ఒక ఆదివారం దేవదాసును అందరి ముందూ మందలించాడట. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఏప్రిల్ నెలలో ఒకరోజు మధ్యాహ్నం అల్లం తోట పక్కన తవ్వుతున్న బావి దగ్గరికి వెళ్లాను. ముప్పై అడుగుల లోతు వచ్చింది. రాతి సందుల్లో చెమ్మ కనబడుతోంది. ఈ విడతతో జల పడుతుందని రైతు, కూలీలు, నేను అందరం ఉత్సాహంగా ఉన్నాం. దేవదాసు అయిదు రంధ్రాలూ దట్టించి, ముట్టించడానికి ఒక్కడే తొట్టిలో కూర్చున్నాడు. ఒక్కణ్ణే పంపనన్నాను.

"రోజు ఒక్కన్నే పోత సారు. జల్ది అయితది," అన్నాడు.

నియమం నియమమేనని గట్టిగా చెప్పాను. దగ్గర్లో ఉన్న యాకోబును లెక్కకు పొమ్మన్నాను. దేవదాసు ముఖం పాలిపోయింది. యాకోబుతో పడదు కదా, అందుకే అనుకున్నాను.

ఇద్దరూ దిగారు. నేను ఒడ్డున వంగి చూస్తున్నాను. మూడో వత్తి ముట్టించాక దేవదాసు చేయి ఆగిపోయింది. యాకోబుతో ఏదో అన్నాడు. మరుక్షణం యాకోబు అతన్ని రెండు చేతులా ఎత్తి తొట్టిలో పడేసి, "గుంజున్రి! బిరాన గుంజున్రి!" అని కేక పెట్టాడు. ఆరుగురు కూలీలు తాడు మీద పడ్డారు. తొట్టి పైకి వస్తుంటే కింద యాకోబు కత్తితో వత్తుల మీద వంగి ఉండడం కనబడింది. ఒకటి కోశాడు. రెండోది కోశాడు. మూడోదాని వైపు చేయి చాచి, వెనక్కి దూకి, రాళ్ల కుప్ప చాటున బోర్లా పడ్డాడు. అప్పటికి దేవదాసు ఒడ్డు చేరాడో లేదో, బావి అదిరింది. పొగా దుమ్మూ మా ముఖాల మీదికి ఎగిశాయి.

యాకోబును పేరు పెట్టి పిలిచాం. జవాబు లేదు. రెండోది అతను నిజంగా తెగకోశాడా, మొదటిదైనా పూర్తిగా తెగిందా, పై నుంచి నాకు ఎలా తెలుస్తుంది? అరగంట ఆగాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"మూడు ముట్టిచ్చిన సారు. ఒకటే పేలింది," అన్నాడు దేవదాసు. మళ్లీ తొట్టిలో ఎక్కుతున్నాడు. "నేను పోత."

నేను అతని భుజం పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. "అన్న కింద ఉన్నడు సారు," అన్నాడు. ఆపలేకపోయాను. నిజం చెప్పాలంటే ఆపాలనిపించలేదు. తాడు వదలమని కూలీలకు నేనే సైగ చేశాను. పొగలో తొట్టి మాయమైంది. కాసేపటికి తాడు రెండుసార్లు కదిలింది. లాగాం. తొట్టిలో యాకోబు వచ్చాడు, నెత్తురు కారుతూ, కళ్లు తెరిచి. ఒడ్డున ఉన్న ఆడవాళ్లు ఏడుపూ నవ్వూ కలిపి అరిచారు. తరువాత దేవదాసు వచ్చాడు. రెండు వత్తులూ తెగే ఉన్నాయని చెప్పాడు.

ఎడమచేతి రెండు వేళ్లు, ఒక చెవి వినికిడి యాకోబుకు పోయాయి. ప్రాణానికి భయం లేదని దవాఖాన డాక్టరు చెప్పాడు. వత్తి నాసిరకం కావడం వల్ల ప్రమాదం జరిగిందని నివేదిక చిత్తుప్రతి రాసుకున్నాను. మూడో రోజు పొద్దున అది జేబులో పెట్టుకుని, యాకోబు వాంగ్మూలం కోసం వెళ్లాను. దేవదాసు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"నేను గూడ మల్ల దిగిన గదనే అన్నా. లెక్క బరాబర్ అయినట్టేనా?" అని అడుగుతున్నాడు.

"దిగినవ్, మంచిగ జేసినవ్," అన్నాడు యాకోబు. "గని బరాబర్ జేసుకునుడు కాదు దాసు ఇది. నేను నీ పానం ఇడిపిచ్చిన. నీ అబద్ధాన్ని కాదు. సారు ముందట చెప్పు."

దేవదాసు చెప్పాడు. నెలరోజులుగా ఆరడుగుల వత్తిని సగానికి కోసి, మిగిలింది బయట అమ్ముకుంటున్నాడు. పొట్టి వత్తులు ముట్టించి ఒక్కడైతే బయటపడగలడు. ఇద్దరికి వ్యవధి చాలదు. ఆ సంగతి నా ముందు ఒప్పుకోలేక, నేను పొమ్మన్నప్పుడు యాకోబును వెంట తీసుకెళ్లాడు.

మందు దట్టించే ముందు వత్తులు కొలిచి రిజిస్టరులో సంతకం చేయవలసినవాణ్ణి నేను. మొదటి రెండు వారాలు కొలిచాను. తరువాత దేవదాసు 'ఆరడుగులు' అంటే రాసుకుని సంతకం పెట్టాను.

కోపం లేదా అని యాకోబును అడిగాను.

"ఎందుకు లేదు సారు? చెయ్యి జూసినప్పుడల్ల వస్తది."

మరి అతన్నెందుకు ముందు పంపావన్నాను.

"వత్తులు కోసిన అని గప్పుడే చెప్పిండు. గా పాపం మీదేసుకొని సస్తే దేవుని ముందట ఎట్ల నిలవడ్తడు? నేనైతే జర తయారున్న. అందరు నన్ను జూసి, తన్ను తాను బలి ఇచ్చుకున్నడంటున్నరు. బలి ప్రభువుదే సారు. ఆయన నా జాగల నిలవడ్డడు. నేను జరసేపు దాసు జాగల నిలవడ్డ, గంతే."

నేను క్రైస్తవుణ్ణి కాను. ఆ మతగ్రంథాల్లోని విమోచన అనే మాటకు అర్థం నాకు ఆ మంచం పక్కనే మొదటిసారి తెలిసింది. ఆఫీసుకు వెళ్లి చిత్తుప్రతి చించి, కొత్త నివేదిక రాశాను. దేవదాసు నేరం ఒక పేరాలో, నా తప్పు మరో పేరాలో. రెండోదే ఎక్కువసేపు పట్టింది.

నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. దేవదాసు లైసెన్సు పోయింది. మూడు నెలలు జైల్లో ఉన్నాడు. విడుదలైన వారం చర్చిలో నిలబడి తన నోటితో అంతా చెప్పుకున్నాడని విన్నాను. ఆ తరువాత యాకోబు ముఠాలోనే రాయి కొట్టేవాడిగా చేరాడు. యాకోబు ఎడమచేత్తో పట్టలేని కడ్డీని తను పట్టేవాడు. వాళ్లు మళ్లీ పోట్లాడుకోవడం కూడా చూశాను.

అప్పటిదాకా త్యాగం అంటే ఒకడు నష్టపోవడం, దాంతో కథ ముగియడం అనుకునేవాణ్ణి. అది సగమే. ఒక మనిషి స్థానంలో మరొకరు నిలబడి ప్రాణం కాపాడవచ్చు. కాపాడబడ్డాక నిజం చెప్పే పని మాత్రం అతనిదే, అతని స్థానంలో ఇంకెవరూ చేయలేరు. క్షమించారన్న ధైర్యం ఉన్నవాడికి ఆ పని సాధ్యమవుతుంది. ఆ ఏప్రిల్‌లో అది దేవదాసు చేశాడు. అతన్ని చూసి నేను చేశాను.